అక్క వేళ్ళు, మా కంపెనీ మాత్ర

నలభై దాటాక మళ్ళీ బల్ల ముందు కూర్చుని పాఠాలు వినడం ఎంత సిగ్గో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పదిహేనేళ్ళు వార్డుల్లో తిరిగినదాన్ని. నేను గుమ్మంలో కనిపిస్తే నర్సులు సెల్‌ఫోన్లు దాచేసేవాళ్ళు. అలాంటిదాన్ని, ఒక మందుల కంపెనీలో ఏడాది ఫెలోషిప్ అని చేరి, స్టెతస్కోపు సొరుగులో పడేసి, మెడలో ఫొటో ఉన్న బిళ్ళ వేలాడేసుకుని, నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళు తెర మీద చూపించే బొమ్మలకు తలూపుతూ కూర్చున్నాను. ఆసుపత్రి ఎందుకు మానేశావంటే పెద్ద కథేం లేదు. నా నోరే. పరిపాలన చూసే ఒకాయన ఏ రోగిని ఎప్పుడు ఇంటికి పంపాలో నాకు చెప్పబోయాడు. నలుగురిలో ఆయన్ని దులిపేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అక్క చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. వింటేగా.

మా జట్టులో అందరం రోగుల్ని వదిలి వచ్చిన డాక్టర్లమే. నా పక్క కుర్చీ ఒక సర్జనుది. నడుం పోయి గంటలకొద్దీ నిలబడలేక ఆపరేషన్లు మానుకున్నాడు. అతన్ని అందరం కత్తిడాక్టరనే పిలిచేవాళ్ళం. మమ్మల్ని మొదట వేసింది మందుల భద్రత విభాగంలో. మా కంపెనీ మందు వేసుకున్నవాళ్ళకు ఎక్కడ ఏ చెడు జరిగినా ఆ కబురు అక్కడికి రావాలి. అది మందు వల్లేనా, ఇంకెందువల్లనైనానా అని చూడటం డాక్టర్ల పని.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ ఊడిన నాలుకలన్నీ మన బల్ల మీదకే," అనేవాడు కత్తిడాక్టరు.

అక్కడ మాకు నేర్పే పెద్దావిడ కూడా ఒకప్పుడు గుండె డాక్టరు. గొంతు పెంచదు, నవ్వదు. మొదటి రోజే ఒక్క నియమం చెప్పింది. కంపెనీలో పనిచేసే ఎవరి చెవినైనా సరే, మా మందు వల్ల ఫలానా ఇబ్బంది అనే మాట పడిందంటే, మర్నాటిలోగా విభాగానికి చేరవెయ్యాలి. బస్సులో విన్నా అంతే, పెళ్ళిలో విన్నా అంతే. ఆ మాట ఆవిడ ఎన్నిసార్లు అన్నదో, మేమంతా వెనకాల ఆవిణ్ణి మర్నాటి మేడం అనుకునేవాళ్ళం.

"బస్సులో పక్క సీటాయన మీ మందుతో ఒంటి మీద దద్దుర్లొచ్చాయన్నాడు. ఏం చేస్తారు?" అని నన్ను లేపి అడిగింది.

"దద్దుర్లు చూస్తాను. ఇంకేం మందులు వాడుతున్నాడో, ఎన్నాళ్ళ నుంచో అడుగుతాను."

"తప్పు. మీరు చూడొద్దు, తేల్చొద్దు. ముందు చేరవెయ్యండి. వార్డు నుంచి వచ్చినవాళ్ళందరికీ ఇదే రోగం. వైద్యం చేసేస్తారు."

వైద్యం చెయ్యడం రోగమైపోయిందన్నమాట. ఒళ్ళు మండింది.

"రహస్యంగా ఉంచమని చెబితే?" అన్నాను.

"మీ దగ్గరికి రోగిగా వచ్చి చెప్పింది రహస్యం. కానీ ఇప్పుడు మీరు ఎవరికీ డాక్టరు కాదు," అంది. అని తర్వాతి బొమ్మకు వెళ్ళిపోయింది. ఆ మాట వారం రోజులు నన్ను వదల్లేదు.

మా అక్క గురించి చెప్పాలి. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను పెంచింది, చదివించింది అక్కే. అక్క కట్టుడు పళ్ళు చేస్తుంది. దంతవైద్యులు నోటి అచ్చు తీసి పంపిస్తే, ఇంటి వెనక గదిలో కూర్చుని ముందు మైనంతో పన్ను చెక్కి, ఆ తర్వాత అసలుది పోసి ఇస్తుంది. "ఊడగొట్టేది డాక్టర్లు, నవ్వించేది నేను," అని డబ్బా కొట్టుకునేది. నిజమే, ఆవిడ చేసిన పన్ను పక్క పన్నుతో కలిసిపోతే పెట్టుకున్నవాళ్ళే మర్చిపోయేవారు.

అలాంటి అక్కకు కీళ్ళవాతం వచ్చింది. రెండేళ్ళలో వేళ్ళు కొంకర్లు పోయాయి. పొద్దున లేచాక దువ్వెన పట్టుకోలేదు, గుండీ పెట్టుకోలేదు. మైనపు కత్తి సంగతి సరేసరి. వెనక గదికి తాళం పడింది. అక్క ఏడవలేదు గానీ మాట తగ్గిపోయింది. మా బావ స్కూలు వ్యాను నడుపుతాడు, సరదా మనిషి. ఆయన ఎన్ని జోకులేసినా ఉలకదు, పలకదు. తెలిసిన మందులన్నీ వాడించాను. ఒకటి పడలేదు, ఒకటి పని చెయ్యలేదు. చివరికి పెద్దాసుపత్రిలో కొత్త మందు మీద పరీక్ష జరుగుతోందని తెలిసి తనే వెళ్ళి పేరిచ్చింది. నేను ఫెలోషిప్‌లో చేరకముందు మాట అది. మంచిదే కదా అన్నాను, ఎవరి మందో అడగలేదు. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది అందుకే.

ఒక ఆదివారం భోజనానికి రమ్మంది. వెళ్ళగానే చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కుపోయింది. తాళం లేదు. గదంతా కరిగిన మైనం వాసన. బల్ల మీద స్పిరిటు దీపం వెలుగుతోంది. అచ్చు మీద అప్పుడే చెక్కిన ముందు పన్ను ఒకటి ఉంది.

"చూడవే పొట్టీ," అంది. నన్ను అలా పిలిచేది ప్రపంచంలో అక్క ఒక్కతే.

వేళ్ళు మూసి తెరిచి చూపించింది. మళ్ళీ మూసింది, మళ్ళీ తెరిచింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

"సగంమందికి ఉత్త పిండి మాత్రలిస్తారట. ఎవరికి ఏది పడిందో డాక్టరుకు కూడా తెలీదట. నాకు మాత్రం అసలుదే తగిలింది. చేతులే చెబుతున్నాయిగా."

"చెబుతున్నాయక్కా," అన్నాను. డాక్టరుగా నాకూ అనుమానం లేకపోయింది.

అప్పుడు కిటికీ వైపు తిరిగింది. వెలుతురు మొహం మీద పడింది. కళ్ళలో తెలుపు తెలుపుగా లేదు.

"కామెర్లు ఎప్పటి నుంచి?"

"కామెర్లేంటి? నిద్ర లేదు అంతే."

"అక్కా, నేను డాక్టర్ని."

అక్క తలుపు దగ్గరికి వేసింది. పది రోజులుగా ఒళ్ళంతా దురద, తిండి సయించడం లేదు, మూత్రం టీ రంగులో పోతోంది. ఆసుపత్రిలో అడిగితే అంతా బాగుందని చెప్పింది. ఎల్లుండి రక్తపరీక్షకు రమ్మంటే ఊళ్ళో లేనని వాయిదా వేయించింది.

"చెబితే మాత్ర ఆపేస్తారే. రెండేళ్ళు చచ్చి బతికాను. ఇంకో నెల, ఈ చేతిలో ఉన్న పళ్ళన్నీ అయిపోనీ. నువ్వెవరికీ చెప్పనని నా మీద ఒట్టేసి చెప్పు."

నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆ మాత్రల డబ్బా ఎక్కడుందని అడిగాను. తెచ్చి ఇచ్చింది. దాని మీద అక్క పేరు లేదు, ఒక నంబరుంది. కింద చిన్న అక్షరాల్లో మందు తయారుచేసినవాళ్ళ పేరుంది. అది రోజూ నా మెడలో వేలాడే బిళ్ళ మీదున్న పేరే.

భోజనం ఎలా చేశానో నాకు తెలియదు. బావ ఏదో జోకేస్తే అందరికంటే గట్టిగా నవ్వాను. తిరుగు బస్సులో అంతా అదే ఆలోచన. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెబితే అక్క చేతులు పోతాయి. చెప్పకపోతే అక్కే పోవచ్చు. పైగా ఆ మాత్ర వేసుకుంటున్నది అక్క ఒక్కతే కాదు. ఎక్కడెక్కడో ఎందరో వేసుకుంటున్నారు. వాళ్ళ కళ్ళు ఎవరు చూస్తారు? ముందు నేనే బయట రక్తపరీక్ష చేయించి, తేలాక చెబుదాం అని కూడా అనుకున్నాను. అదే, వార్డు రోగం.

మర్నాడు పొద్దున్నే మర్నాటి మేడం గదికి వెళ్ళి చెప్పేశాను. నంబరు, లక్షణాలు, ఎప్పటి నుంచి, అన్నీ.

"ఎవరు చెప్పారు?" అంది.

"మా అక్క. ఆవిడే పేషెంటు. చెప్పొద్దని ఒట్టేయించుకోబోయింది."

మేడం కలం మూత పెట్టేసింది. తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ నంబరు మనిషిని ఈ రోజే పిలిపించమని చెప్పింది. పెట్టేశాక నా వైపు చూసి, "ఇక ఈ కేసు మీరు ముట్టుకోకూడదు, చదవకూడదు. ఇంటికెళ్ళి అక్క దగ్గరుండండి," అంది. ఆ గొంతులో మెత్తదనం ఉందేమో. అప్పుడు నాకు వినిపించలేదు.

అక్కను ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మాత్రలు ఆపేశారు. సాయంత్రానికి చలిజ్వరం కూడా వచ్చింది. స్కానింగులో తేలిందేమిటంటే, పిత్తనాళంలో రాయి అడ్డం పడి ఉంది. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే మనిషి దక్కేది కాదని అక్కడి డాక్టరు బావతో అన్నాడట. రాయి తీసేశారు. వారంలో కళ్ళు తెల్లబడ్డాయి.

ప్రాణం దక్కింది కదా, అక్క నన్ను క్షమిస్తుందనుకున్నాను. నేను గదిలోకి వెళ్ళగానే గోడ వైపు తిరిగి పడుకుంది.

"రాయి వల్ల కదా వచ్చింది. మాత్ర తప్పేం లేదు కదా. మళ్ళీ ఇవ్వమని చెప్పమనండి, మీ మరదల్ని," అంది బావతో. నేను మంచానికి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

ఒకసారి అలా ఆపాక మళ్ళీ ఇవ్వరని ఆసుపత్రి డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. అక్క వినలేదు. తర్వాత రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే బావ ఎత్తేవాడు. "మీ అక్క వేళ్ళు మళ్ళీ ముడుచుకుంటున్నాయి అమ్మాయ్," అనేవాడు మెల్లగా. ఆయన కూడా జోకులు మానేశాడు.

ఆ రోజుల్లోనే ఒక బుధవారం మా విభాగం సమావేశం జరిగింది. తీవ్రమైన కేసులన్నీ అక్కడ ఒక్కొక్కటే చదువుతారు. ప్రమాదం జరిగిన మనిషికి ఇచ్చింది అసలు మందా, పిండి మాత్రా అన్నది ప్రభుత్వానికి పంపేముందు ఆ గదిలో మాత్రం విప్పి చూస్తారు. విప్పింది గడప దాటకూడదు. ఆసుపత్రి డాక్టరుకు చెప్పరు, రోగికీ చెప్పరు. పరీక్ష మొత్తం ముగిసేదాకా అంతే. ఆ రోజు చదివే వంతు కత్తిడాక్టరుది. మేడంకు పైనుంచి పిలుపు రావడంతో మీరు మొదలుపెట్టండని వెళ్ళింది. ఆవిడ ఉంటే నన్ను ముందే బయటికి పంపేది. అక్క సంగతి ఆవిడకు తప్ప అక్కడెవరికీ తెలియదు.

కత్తిడాక్టరు నంబరు చదివాడు. నేను లేచి వెళ్ళిపోవాలి. కూర్చునే ఉన్నాను.

"యాభై మూడేళ్ళ స్త్రీ, కామెర్లు, పిత్తనాళంలో రాయి. తీసుకున్నది పిండి మాత్ర."

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మన మందు కాదు, హమ్మయ్య.

"విచిత్రమేంటంటే," అన్నాడు కత్తిడాక్టరు కాగితం తిప్పుతూ, "ఈవిడ చేతులు పూర్తిగా బాగైపోయాయని ప్రతిసారీ రాశారు. మన పిండి ఏ మిల్లులో ఆడిస్తున్నారో కనుక్కోవాలి."

నవ్వారు. మామూలు నవ్వే. నేనైనా ఇంకొకరి కేసుకు నవ్వి ఉండేదాన్ని. ఆ క్షణంలో మాత్రం అతని చేతిలో కాగితం లాక్కుని చించేయాలనిపించింది. రెండేళ్ళు ముడుచుకున్న వేళ్ళవి. వాటిని ఏ మందూ తెరవలేదు. నేను మా అక్క నుంచి లాక్కున్నది మందు కాదు, పిడికెడు పిండి. అది కూడా ఉంచలేకపోయాను.

ఆ తర్వాత అక్కకు చెప్పేద్దామని ఎన్నిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నానో. చెబితే నా మీద కోపం పోతుంది. నేను తీసేసింది ఏమీ లేదని తెలుస్తుంది. కానీ ఆ మాత్రలతో చేతులు తెరుచుకున్న ఆ నాలుగు నెలలూ ఏమవుతాయి? తాళం తీసిన గది, చెక్కిన పళ్ళు, అవన్నీ ఏమవుతాయి? నా మనశ్శాంతి కోసం అక్క దగ్గరున్న ఆ కాస్తా గుంజుకోవడమే కదా. నోరు అదుపులో పెట్టుకోవడం జీవితంలో మొదటిసారి నేర్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం అక్కే ఫోన్ చేసింది. "రా," అంది, అంతే.

వెళ్ళేసరికి వెనక గదిలో ఉంది. బావ వ్యాను తీసుకుని వెళ్ళాడు. దీపం వెలిగించి ఉంది. బల్ల మీద ఎవరిదో పళ్ళు లేని నోటి అచ్చు, పక్కన మైనం. అక్క కుడిచెయ్యి ఒళ్ళో ఉంది, సగం ముడుచుకుని.

"కోపం పోయిందే," అంది. "నువ్వు చెప్పకపోతే ఈపాటికి పోయేదాన్ని. బావ రోజూ అదే పాట. నాకూ తెలుసు. ఒప్పుకోవడానికి టైం పట్టింది."

నేను ఏడ్చేశాను. అక్క ఎడమచేతి వెనక భాగంతో నా మొహం తుడిచింది. వేళ్ళతో తుడవలేదు.

"ఇప్పుడు నీకు చెప్పకుండా ఏదీ చెయ్యను. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు." అచ్చులు పోసే జిప్సం డబ్బా మూత తీసి, అందులోంచి ఒక మాత్రల అట్ట తీసింది. "అన్నీ తిరిగిచ్చేశానని చెప్పాను గానీ, ఇదొక్కటి ఉంచుకున్నా. పని ఉన్న రోజు ఒకటి వేసుకుంటున్నా. వేసుకున్న కాసేపటికి వేళ్ళు కదులుతాయి. ఒట్టు. ఈ పెద్దాయనకు మొత్తం వరస చెయ్యాలి, పాతికేళ్ళుగా తెలిసిన మనిషి. పళ్ళు లేక ఎవరింటికీ పోవడం మానేశాడు."

పంటితో అట్ట చించి ఒక మాత్ర అరచేతిలో పెట్టుకుంది.

"ఇక దొంగతనంగా వద్దనిపించింది. నువ్వే చెప్పు, డాక్టరువి. వేసుకోమంటావా? కాలేయానికి ఏమైనా అవుతుందా?"

ఎంత నమ్మకంగా అడిగిందో. ఆ కళ్ళ కోసం నేను రెండు నెలలు అన్నం సరిగా తినలేదు. ఈసారి అక్క చేతుల్లోంచి ఏదీ లాక్కోకూడదనుకున్నాను.

"ఏం కాదక్కా, వేసుకో," అన్నాను.

అక్క గ్లాసు అందుకోబోయి ఆగింది.

"ఏం కాదా?"

"ఏం కాదు."

"పరగడుపున తలనొప్పి బిళ్ళ వేసుకుంటే ఇల్లెగరగొట్టేదానివి. దగ్గుమందు సీసా కూడా తేదీ చూడకుండా ముట్టుకోనివ్వవు." మాటలు నెమ్మదిగా వస్తున్నాయి. "ఈ మాత్ర కోసమే కదా నా మాట కాదని పరుగెత్తావు. ఇప్పుడు కనీసం డబ్బా చూడలేదు. ఎన్ని వేసుకున్నావని అడగలేదు."

నోరు తెరిచాను. అడగాలి, డబ్బా తీసుకుని చూడాలి, తిట్టాలి. వార్డులో అడుగుపెట్టిన మొదటి రోజు నుంచీ నా ఒంట్లో ఉన్న అలవాటు, సరిగ్గా ఆ పూటే ఎక్కడికి పోయిందో. నా నోరు పడిపోను.

అక్క నా మొహం చూస్తూనే ఉంది. మైనంలో వెంట్రుకవాసి తేడా పట్టే కళ్ళవి.

"ఇందులో ఏమీ లేదా?" అంది.

"అక్కా..."

"వద్దు, చెప్పకు. నువ్వు చెప్పకూడదేమో. నీ ఉద్యోగం నీకుండాలి."

మాత్రను బల్ల మీద పెట్టింది. రెండు చేతులూ దీపం దగ్గరికి తెచ్చి, ఎవరివో చేతులు చూసినట్టు చూసుకుంది.

"మరి వీటిని తెరిచిందెవరే పొట్టీ?"

"నువ్వేనక్కా. నిజంగా నువ్వే."

నేను చెప్పగలిగింది అదొక్కటే, అబద్ధం కూడా కాదు. అక్క తలూపింది. ఒప్పుకుందో, విన్నానని ఊపిందో తెలియలేదు. అచ్చు దగ్గరికి లాక్కుని, మైనపు కత్తి కోసం చెయ్యి చాపింది. వేళ్ళు దాని మీద పడ్డాయి గానీ మూసుకోలేదు. మళ్ళీ ప్రయత్నించింది. కత్తి దొర్లి కింద పడింది. నేను వంగి తీసి, పిడి తన వైపు ఉండేలా అందించాను.

అక్క దీపం ఆర్పింది.

"తాళం ఎక్కడ పెట్టానో చూడు," అంది.